చూపు పడినా కనబడనివి

ఛాతీ ఎక్స్‌రేను సెకనులో అయిదో వంతు సేపు చూపించి తీసేస్తే ఏం తెలుస్తుంది? మనకైతే నలుపూ తెలుపూ తప్ప ఏమీ గుర్తుండదు. 1975లో అమెరికాలో హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడిన్ రేడియాలజిస్టులకు ఈ పరీక్షే పెట్టారు. ఆ రెప్పపాటులోనే వాళ్లు సుమారు 70 శాతం జబ్బుల్ని సరిగ్గా పట్టేశారు. తీరిగ్గా చూడనిస్తే 97 శాతం.

అంటే నిపుణులు ముందు ఫిల్మును మొత్తంగా ఒకే చూపులో అందుకుంటారు. మామూలు ఛాతీలు వేలకొద్దీ చూసిన కన్ను కదా, ఊరందరినీ ఎరిగిన మనిషి కొత్త ముఖాన్ని పసిగట్టినట్టు తేడా దగ్గర టక్కున ఆగుతుంది.

వెతుకులాట ఆ తర్వాతే. ఎక్స్‌రేలో గాలి నల్లగా, ఎముక తెల్లగా పడతాయి. కండా, నీరూ, రక్తమూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. గుండె అంచు మనకు కనబడేది పక్కనే గాలి నిండిన ఊపిరితిత్తి ఉండబట్టే. న్యుమోనియా వచ్చి అక్కడ గాలికి బదులు చీమూ నీరూ చేరితే రెండూ ఒకే రంగయి అంచు చెరిగిపోతుంది. గుండె కుడి అంచు అలా మాయమైతే జబ్బు కుడి ఊపిరితిత్తి మధ్య తమ్మెలో ఉందని అనుమానిస్తారు. లేని గీతను బట్టి జబ్బు చోటు చెప్పడం! ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే. ఇక మచ్చలు నక్కే చోట్లు కొన్నున్నాయి: గుండె వెనక, డయాఫ్రమ్ దిగువ, కాలర్ బోన్ చాటున ఊపిరితిత్తి కొన. క్షయకు ఇష్టమైన చోటు ఆ కొనే. జాగ్రత్తపరులు వీటిని పనిగట్టుకుని మళ్లీ చూస్తారు.

అయినా తప్పుతుంది. 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గొరిల్లా బొమ్మ ఇరికించి, గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చింది. బొమ్మ మామూలు గడ్డకు 48 రెట్లు. 20 మంది గమనించలేదు. వాళ్లలో ఎక్కువమంది చూపు సరిగ్గా దానిమీదే పడిందని కంటి కదలికల్ని పట్టే యంత్రం తేల్చింది.

కన్ను దేనికోసం వెతుకుతోందో దాన్నే చూస్తుందన్నమాట. కాబట్టి ఎక్స్‌రే చీటీలో ‘ఛాతీ’ అని ఊరుకోకుండా ‘మూడు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం’ అని మీ డాక్టరు చేత రాయించుకోండి. పాత ఫిల్ములూ పారేయకండి. పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ పాతదో, మొన్న పుట్టిందో తెలిసిపోతుంది.