అట్టలు లేని మగ్గం, ఫర్మ్‌వేర్ లేని చిప్

సూరత్‌లోని లింబాయత్ వైపు తెలుగు వినపడడం వింతేమీ కాదు. వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు అక్కడి పవర్‌లూమ్‌లను నమ్ముకుని ఏళ్లుగా బతుకుతున్నాయి. జకార్డు మగ్గం తెలిసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. పడుగు పోగులను ఎత్తే ఏర్పాటంతా మగ్గంలోనే ఉంటుంది. ఏ వరసకు ఏ పోగు లేవాలో మాత్రం బయట నుంచి తగిలించిన చిల్లుల అట్టలు చెప్పాలి. ఎలక్ట్రానిక్ జకార్డులో ఆ అట్టల చోటులోకి ఫైలు వచ్చింది.

ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్ కూడా ఇంచుమించు ఇలాంటిదే. దాని లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. (1967లో ఆషర్ ఓప్లర్ ఈ మాట వాడినప్పుడు దాని అర్థం కాస్త వేరు.) ఆ ప్రోగ్రామును దాచడానికి చిప్ పక్కన శాశ్వత మెమరీ పెడితే ఖర్చు పెరుగుతుంది. అందుకే చాలామంది తయారీదారులు దాన్ని మానేసి, కరెంటు పోతే అన్నీ మరచిపోయే మెమరీతో సరిపెడతారు. కాబట్టి కంప్యూటర్ వెలిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు చిప్‌కు పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

లినక్స్‌లో ఆ పని డ్రైవర్‌ది. చిప్‌ను గుర్తుపట్టగానే అది ఫలానా పేరుగల ఫైలు కావాలని కెర్నల్‌ను అడుగుతుంది. కెర్నల్ డిస్కులోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో వెతికి తెచ్చి ఇస్తుంది. డ్రైవర్ దాన్ని చిప్‌లోకి పంపుతుంది. లోపల ఏముందో డ్రైవర్‌కు కూడా తెలియదు, తెలియనక్కరలేదు.

చిక్కంతా వేళ దగ్గరే. కెర్నల్‌లోనే కలిసిపోయిన డ్రైవర్, డిస్కు ఇంకా అందుబాటులోకి రాకముందే ఫైలు అడగవచ్చు. పూర్వం ఆ ఫైలు తెచ్చే పని కెర్నల్ బయటి ప్రోగ్రాముకు అప్పగించేది. అది పలకకపోతే 60 సెకన్ల వరకూ ఎదురుచూపే. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి కెర్నలే నేరుగా డిస్కు చదువుతోంది. డిస్కు సిద్ధం కాకముందే కావలసిన ఫైళ్లను బూట్ సమయంలో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్‌లో ముందే చేర్చి పెడతారు. నిద్ర నుంచి లేచేటప్పుడూ ఇదే గొడవ. అందుకని కెర్నల్ పడుకోబోయే ముందే ఫర్మ్‌వేర్ నకలును మెమరీలో పెట్టుకుంటుంది.

ఫైలు దొరకకపోతే లాగ్‌లో మైనస్ 2 అనే ఎర్రర్ కనిపిస్తుంది. అలాంటి ఫైలు లేదని దాని అర్థం. పాత ల్యాప్‌టాప్‌లో కొత్తగా లినక్స్ వేసిన విద్యార్థికి ఇది పెద్ద ఇరకాటం. వైఫై రావాలంటే ఫైలు కావాలి, ఫైలు రావాలంటే వైఫై కావాలి. సోర్స్ కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న పట్టుదలతో డెబియన్ దాన్ని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ తీరు మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఆ ఫైళ్లు ఉన్నాయి. అంతకన్నా పాత డిస్కుతో ఇబ్బంది పడేవారు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ తెచ్చుకోవచ్చు. ఆపైన లాగ్‌లో పేరు కనిపించిన ఫైలున్న ప్యాకేజీని వేసి, మెషీన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలావరకు సరిపోతుంది.