చిటికెడు టైటానియంతో రాగికి కొత్త బలం
కార్మికుల ఆరోగ్యానికి ముప్పు తెచ్చే బెరీలియానికి ప్రత్యామ్నాయం

హైదరాబాద్: రాగి రేకును వంచితే వంగినట్లే ఉండిపోతుంది. బరువులో నూటికి 4 పాళ్లు టైటానియం కలిపి, పద్ధతి ప్రకారం వేడిచేస్తే అదే రేకు స్ప్రింగులా పూర్వస్థితికి వస్తుంది. ఈ మార్పు వెనుక ఉన్న రహస్యం లోహశాస్త్రవేత్తలను దశాబ్దాలుగా ఆకర్షిస్తోంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్ఎల్) శాస్త్రవేత్తలు సైతం ఈ మిశ్రలోహాలపై పరిశోధన పత్రాలు వెలువరించారు.

ఎందుకీ అన్వేషణ: విద్యుత్ కనెక్టర్లు, రిలేలలోని స్ప్రింగు రేకులకు రాగి-బెరీలియం మిశ్రలోహం పేరెన్నికగన్నది. అయితే దానిని కరిగించేటప్పుడు, సానపట్టేటప్పుడు వెలువడే పొగ, ధూళి పీల్చిన కార్మికులకు దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి సోకే ప్రమాదముంది. బెరీలియం కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1993లో ప్రకటించింది. దాదాపు అంతే బలమిచ్చే టైటానియంపై దృష్టి మళ్లడానికి ఇదే ప్రధాన కారణం.

పాకం లాంటిదే: వేడినీటిలో ఎక్కువ చక్కెర కరుగుతుంది. చల్లారితే కొంత పలుకులుగా విడిపోతుంది. ఘనస్థితిలో ఉన్న రాగిలోనూ ఇదే జరుగుతుంది. సుమారు 885 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రతి 100 పరమాణువులలో 8 వరకు టైటానియంవి ఇముడుతాయి. వేడి తగ్గేకొద్దీ ఆ సామర్థ్యం వేగంగా పడిపోతుంది. ఎర్రగా కాలిన లోహాన్ని ఒక్కసారిగా నీటిలో ముంచితే టైటానియం బయటపడే వ్యవధి లేక రాగిలోనే చిక్కుకుపోతుంది.

కొలిమికి భిన్నం: కమ్మరి కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే గట్టిపడుతుంది. ఈ మిశ్రలోహం మాత్రం ముంచిన తర్వాత మెత్తగానే ఉంటుంది. ఆ దశలోనే రేకులుగా సాగదీస్తారు. అనంతరం 400 నుంచి 450 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు టైటానియం అధికంగా ఉన్న చోట్లు, తక్కువగా ఉన్న చోట్లు లోపల ఏర్పడతాయి. క్రమంగా నాలుగు రాగి పరమాణువులకు ఒక టైటానియం పరమాణువు చొప్పున కూడిన అతిసూక్ష్మ కణాలు రూపొందుతాయి. లోహపు పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా ఇవే అడ్డుపడతాయి. టైటానియం వేరుపడటంతో విద్యుద్వాహకత కూడా మెరుగవుతుంది.

మితిమీరితే నష్టం: ఎక్కువసేపు వేడిచేస్తే రేణువుల సరిహద్దుల నుంచి ముతక పలకలు పెరిగి సూక్ష్మ కణాలను మింగేస్తాయి. దాంతో గట్టిదనం సన్నగిల్లుతుంది.

ఆరు సమ్మేళనాలు: రాగి, టైటానియం పరమాణువులు 4:1, 2:1, 3:2, 4:3, 1:1, 1:2 నిష్పత్తులలో కలిసి అంతర్లోహ సమ్మేళనాలు ఏర్పరుస్తాయి. ఇవి సాధారణంగా గట్టివి, పెళుసైనవి. సూక్ష్మ కణాలుగా చెదిరి ఉంటే బలం చేకూరుస్తాయి. మందపాటి పొరగా పేరుకుంటే పగుళ్లకు దారితీస్తాయి. రాగిని, టైటానియంను నేరుగా వెల్డింగ్ చేస్తే అతుకు విరగడానికి ఇదే కారణం.

పరిమితులు: ఈ మిశ్రలోహం విద్యుద్వాహకతలో శుద్ధ రాగికి చాలా వెనుకబడి ఉంటుంది. కనుక కరెంటు తీగలకు పనికిరాదు. కరిగిన టైటానియం గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను పట్టేస్తుంది కాబట్టి శూన్యంలో గాని, జడవాయువు మధ్య గాని కరిగించాలి. ఆ ఖర్చు భరించగలిగితే కార్మికుల ఊపిరితిత్తులను పణంగా పెట్టకుండానే బలమైన స్ప్రింగు రేకులు తయారు చేయవచ్చు.