ముందు నీళ్లు ఆపు... రంగు తర్వాత!

అంబాసిడర్ కారు తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో మొదలైన ఈ కారుకు 2014 మేలో తెరపడింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ అప్పుడే మూతపడింది. అయినా మన ఊళ్లలో రేకుల షెడ్ల కింద ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి. కర్నూలు జిల్లా ఆలూరులో మా ఇంట్లోనూ ఒకటుంది. తాత కొన్న 1984 నాటి మార్క్ 4. ఆయన పోయాక తొమ్మిదేళ్లు కదల్లేదు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఈ ఎండాకాలం మూణ్ణెల్లు ఊళ్లోనే ఉన్నా. చేతిలో 2 లక్షలు. దాంతో కారు బాగు చేయిద్దామని ఆశ. కానీ అవ్వ పడుకునే గదిలో ఒక దూలం, గోడలోకి దిగిన చోట మెత్తబడిపోయింది. వానలు మొదలైతే ఆ గదిని నమ్మలేం. డబ్బు ఒకటే, పనులు రెండు. ఏది ముందన్న ప్రశ్నే లేదు కదా!

మిద్దె రహస్యం

మా సీమలో పాత మిద్దె అంటే గోడల మీద దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి మట్టి, అన్నిటికన్నా పైన చవుడు. ఈ చవుడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే రేణువులు విడిపోయి సందుల్ని మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగవు. వానలకు పైపొర కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయాలి. పెద్దోళ్లు వానలకు ముందే చవుడు తోలించేది ఇందుకే.

"పైన సిమెంటు పోసెయ్, పీడా పోతుంది" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. పాత దూలాల మీద అదనపు బరువు పడుతుంది. సిమెంటు చీలితే నీళ్లు లోపలికి పోతాయి గానీ, తొందరగా ఆరవు. పైకి అంతా బాగానే కనిపిస్తూ లోపల కట్టె కుళ్లిపోతుంది.

ఆయన ముందు కింద ఊతకట్టెలు నిలబెట్టి, ఆ తర్వాతే పాత దూలం తీశాడు. కొత్తది ఎక్కించాక, వాననీళ్లు పోయే గొట్టం దగ్గర పేరుకున్న మట్టి తీయించాడు. అసలు దొంగ అదే! నీళ్లు బయటికి పోలేక అక్కడ నిలిచి, దూలం చివరకు దిగాయి. కొత్త చవుడుతో కలిపి ఖర్చు 85 వేలు.

కారుకీ అదే లెక్క

అంబాసిడర్‌కు విడిగా చట్రం ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తలుపుల కింద రేకు తుప్పు పడితే అది అందం సమస్య కాదు, బలం సమస్య. దానిమీద లప్పం పూసి రంగు కొట్టడమంటే, పుచ్చిన దూలానికి సున్నం వేసినట్టే. పాత కారు కొనేముందు ఒక అయస్కాంతం జేబులో పెట్టుకోండి. లప్పం మందంగా ఉన్నచోట అది అతుక్కోదు.

పొడి వాతావరణం కావడంతో మా కారు రేకు చాలావరకు గట్టిగానే ఉంది. కానీ ఇనుమును కాపాడిన ఎండే రబ్బరును తినేసింది. తలుపు రబ్బరు పగిలి, ఆ సందులోంచి దిగిన నీళ్లతో కాళ్ల దగ్గర రేకు చిల్లులు పడింది. ఆ ముక్క కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాం.

ఇంజిన్ ఎప్పుడు స్టార్ట్ చేద్దామని నేను తొందరపడితే మెకానిక్ నవ్వాడు. "అప్పా, బండి కదలకపోతే నష్టం లేదు. ఆగకపోతేనే ప్రాణం మీదికొచ్చేది" అన్నాడు. అందుకే మొదట బ్రేకులు. నాలుగు చక్రాల సిలిండర్లలో రబ్బర్లు, గొట్టాలు, ఆయిల్ అన్నీ మార్చాడు. తర్వాత ట్యాంకు దించి, జిగురైపోయిన పాత పెట్రోల్ కడిగేశాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాతకాలం రబ్బరుకు అది పడదు. దాన్ని తట్టుకునే గొట్టాలు వేయించాం. చివరికి ప్లగ్గులు తీసి, లోపల కొంచెం ఆయిల్ పోసి, హ్యాండిల్‌తో ఇంజిన్‌ను చేత్తో తిప్పాడు. బిగుసుకోలేదని తేలాకే సెల్ఫ్ కొట్టాడు. ఆ 1489 సీసీ ఇంజిన్ దగ్గి, దగ్గి, అందుకుంది. లోపల మంచంలోంచే అవ్వ "మీ తాత వచ్చినట్టుందిరా" అంది.

కాగితాల సంగతి

"పాత కారు కదా, వింటేజ్ కింద రాయించెయ్" అంటారు ఫ్రెండ్స్. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు దాటాలి. మా కారుకు ఆ యోగం 2034లో! అప్పటిదాకా మామూలు కార్ల దారే. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ చూపించి, 5 ఏళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. కారుకు 95 వేలు పోగా మిగిలిన 20 వేలు దీనికోసం పక్కన పెట్టా. అది చేతికొచ్చేదాకా కారు రోడ్డెక్కదు.

రంగుకు డబ్బుల్లేవు. ఒక తలుపు తెల్లగా, ఒకటి బూడిదరంగులో ఉంది. ఇన్‌స్టాలో పెడితే లైకులు రావేమో. పర్లేదు. జూన్‌లో రాత్రంతా వాన కురిసినప్పుడు టార్చ్ పట్టుకుని దూలం చూశా, కారు లోపలా చూశా. రెండూ పొడిగా ఉన్నాయి. అవ్వ మాత్రం లేవనేలేదు, హాయిగా నిద్రపోతోంది.