లంకె తెగినను పని నిలువవలెను

గాలివానలో స్టేషను వినరాకపోయినచో ఎవరును రేడియోను పారవేయరు. కొంతసేపు గరగర విని, ముల్లు సరిచేసి, మరల ప్రయత్నింతురు. ఈ ఓర్పును యంత్రమునకు నేర్పుట యెట్లు అనునదే నేటి విషయము.

గూడెం కొత్తవీధి మండలము తూర్పు కనుమలలో, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రము ఈ మండలముననే కలదు. అయినను ఈ మన్యమున సెల్‌ఫోను సిగ్నలు సరిగా అందని పల్లెలు కలవు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డి.ఆర్. డిపోల ద్వారా ఇచట రేషను సరుకులు ఇచ్చుచున్నది. కార్డుదారు వేలిముద్ర వేయగనే డిపోలోని యంత్రము దూరముననున్న సర్వరుకు కబురంపును. సిగ్నలు కొరకు మెట్ట యెక్కి వేలిముద్ర వేసి, సరుకులకై మరల దిగివచ్చు కష్టము మన్యవాసులకు కొత్త కాదు.

మెట్టపై తెగునది ఒక లంకె. కబురు సర్వరుకు చేరిన పిదప మరియొక లంకె కలదు. ఇట్టి ఏర్పాటులలో తెరవెనుక రేయింబవళ్లు నడచు సేవలుండును. వచ్చిన కబురును లెక్కల భాండారమైన డేటాబేసులో వ్రాయుట వాని పని. డేటాబేసు మరమ్మతుకై ఆగినను, నడుమ పరికరము చెడినను ఆ లంకె తెగును. చాలసేపు మాటలేక యున్నను తెగవచ్చును. మై-ఎస్‌క్యూఎల్ అను ప్రసిద్ధ డేటాబేసు, వేరుగ నిర్ణయింపనిచో, 28,800 సెకండ్లు, అనగా 8 గంటలు, పలుకని లంకెను తానే త్రెంచివేయును. రాత్రి ఊరకున్న సేవ ఆ సంగతి యెరుగక, ఉదయము తొలి కబురు రాగనే మృతమైన లంకెను పట్టుకొని కూలిపోవును.

దీనికి మందులు కలవు. వాడబోవు ముందు "ఉన్నావా?" యని లంకెను పలుకరింపవలెను. పలుకనిచో దానిని విడిచి క్రొత్తది తెరువవలెను. అదియు కుదరనిచో 1, 2, 4, 8 సెకండ్లుగా విరామము పెంచుచు యత్నింపవలెను. సేవలన్నియు ఒకేసారి తలుపు తట్టినచో అప్పుడే లేచిన డేటాబేసు మరల పడిపోవును గనుక, విరామములలో కొంత తేడా యుంచవలెను. అంతలో వచ్చిన కబురులను వరుసలో భద్రపరుపవలెను. సేవయే కూలినచో దానిని తిరిగి లేపుటకు లినక్స్ యంత్రములలో సిస్టమ్‌డి అను కాపలాదారు కలదు.

అన్నిటికంటె సూక్ష్మమైన చిక్కు వేరొకటి. లెక్క వ్రాసిన క్షణముననే, జవాబు రాకముందే, లంకె తెగినదనుకొనుడు. వ్రాయబడినదా, లేదా? మరల వ్రాసినచో ఒక అవ్వ పేర బియ్యము రెండుసార్లు పడును. మానినచో అసలే పడకపోవచ్చును. కనుక ప్రతి కబురునకు ఒక సంఖ్య నీయవలెను. అదే సంఖ్య రెండవసారి వచ్చినచో డేటాబేసు దానిని స్వీకరింపరాదు. అప్పుడు సేవ నిర్భయముగ మరల అడుగగలదు.

సిగ్నలు పోవుట కొండల వలన కావచ్చును. మెట్ట దిగివచ్చిన అవ్వ వట్టి సంచితో ఇల్లు చేరుట మాత్రము, లంకె తెగునని ముందుగ తలపని మన వలననే.