కదిలే జిఫ్ బొమ్మల విశేషాలు

వెబ్‌సైట్లు పుట్టకముందే జిఫ్ పుట్టింది. అమెరికాలో టెలిఫోన్ లైన్ల మీద కంప్యూటర్ సేవలు అందించిన కంప్యూసర్వ్ కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం 1987 జూన్‌లో దాన్ని తయారుచేసింది. అప్పటి మోడెమ్‌లు చాలా నెమ్మది. రంగుల బొమ్మ వీలైనంత చిన్న ఫైల్లో ఇమడాలి. అందుకే ఒక్కో బొమ్మకు 256 రంగులు మించరాదని హద్దు పెట్టారు. ఆ హద్దు ఇప్పటికీ అలాగే ఉంది. ఒకే ఫైల్లో చాలా బొమ్మలు పెట్టుకునే వీలు మొదటినుంచీ ఉన్నా, ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పే ఏర్పాటు 1989లో వచ్చింది.

మరి ఆగకుండా మళ్లీ మళ్లీ తిరగడం ఎవరు నేర్పారు? నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 బ్రౌజర్. ఎన్నిసార్లు తిరగాలో చెప్పే చిన్న భాగాన్ని ఆ బ్రౌజర్ తయారుచేసిన కంపెనీ జిఫ్‌కు జోడించింది. అక్కడ సున్నా రాస్తే అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ భాగం మొదట్లో నెట్‌స్కేప్ 2.0 అన్న పేరు ఉండాలి. ఆ బ్రౌజర్‌కు 2008లో మద్దతు ఆగిపోయింది. అయినా ఇవాళ మీరు తయారుచేసే జిఫ్ ఆగకుండా తిరుగుతోందంటే, దాని లోపల ఆ పేరు దాదాపు ఖచ్చితంగా ఉన్నట్టే.

ఇలాంటి జిఫ్‌లు మనమే చేసుకోవడానికి, ఉచితంగా దొరికే జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలు. అది ఇద్దరు విద్యార్థుల పని. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో దాన్ని మొదలుపెట్టారు. దాని మెనూలు, బటన్ల కోసం వాళ్లు రాసుకున్న జీటీకే అనే సరంజామా మీదే తర్వాత లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ నిలబడింది.

జింప్‌లో యానిమేషన్‌కు విడిగా ఫ్రేమ్‌ల పట్టీ లేదు. ఒక్కో లేయరే ఒక్కో ఫ్రేమ్. అన్నిటికన్నా అడుగున ఉన్న లేయరు మొదటి ఫ్రేమ్, పైకి వెళ్లేకొద్దీ తర్వాతివి. ఉదాహరణకు ప్రమిదలో దీపం రెపరెపలాడాలనుకోండి. ముందు ప్రమిద, వత్తి, జ్వాల గీసి, ఆ లేయరుకు రెండు నకళ్లు తీయండి. ఒకదాంట్లో జ్వాల కొసను కాస్త ఎడమకు వంచండి, ఇంకోదాంట్లో కుడికి వంచి కొద్దిగా పొట్టిగా చేయండి. ప్రమిదను మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత ప్రతి లేయరు పేరు చివరా బ్రాకెట్లలో 120 అంకె వేసి, దాని పక్కనే ఇంగ్లిష్ ఎం, ఎస్ అక్షరాలు చేర్చండి. అంటే ఆ ఫ్రేమ్ 120 మిల్లీసెకన్లు నిలుస్తుంది. మూడింటికీ ఒకే సమయం ఇస్తే జ్వాల గడియారంలా కొట్టుకుంటుంది. ఒకదానికి 90, ఇంకోదానికి 160 ఇచ్చి చూడండి, గాలికి ఊగినట్టే ఉంటుంది. ఫిల్టర్స్ మెనూలో యానిమేషన్ కింద ప్లేబ్యాక్ నొక్కి సరిచూసుకుని, జిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యాజ్ యానిమేషన్ అన్న గడిలో టిక్ పెట్టాలి. అది మరిచిపోతే దీపం కదలదు.

అదే మెనూలో ఆప్టిమైజ్ ఫర్ జిఫ్ అని ఒకటుంది. అది ఫ్రేమ్‌లను పోల్చి, మారని భాగాన్ని తీసేస్తుంది. ప్రమిద ఒక్కసారే దాచి, తర్వాతి ఫ్రేమ్‌లలో జ్వాల ఉన్న ముక్కే ఉంచుతుంది. జిఫ్ తయారీలో అసలు నేర్పు ఇక్కడే ఉందని నా నమ్మకం: ఏది కదలాలో కన్నా ఏది కదలకూడదో ముందు తేల్చుకోవాలి.

సూర్యాస్తమయం ఫొటోను జిఫ్ చేస్తే ఆకాశం చారలు చారలుగా ఎందుకు విరుగుతుంది? ఆ ఛాయలన్నిటికీ 256 రంగులు చాలవు కనుక. దానికి విరుగుడు డిథరింగ్. ఉన్న రంగులనే చుక్కలుగా కలబోసి లేని రంగు ఉన్నట్టు కన్ను అనుకునేలా చేస్తుంది. దీనికి బాగా వాడుకలో ఉన్న ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ పద్ధతి 1976 నాటిది. అయితే ఒకే రంగు వరసగా సాగితేనే జిఫ్ ఫైలు బాగా కుదించుకుంటుంది. చుక్కలు పెరిగితే సైజూ పెరుగుతుంది. అందుకే ఫొటోల కన్నా నిండు రంగుల కార్టూన్లు, గీతల బొమ్మలే జిఫ్‌కు బాగా నప్పుతాయి.

వేగం సంగతి కూడా వింతే. జిఫ్ కాలాన్ని సెకనులో వందో వంతులుగా కొలుస్తుంది. మరీ వేగంగా ఉండాలని ఆ అంకెను సున్నాకో ఒకటికో తగ్గిస్తే, చాలా బ్రౌజర్లు దాన్ని పదిగా తీసుకుంటాయి. బొమ్మ ఇంకా నెమ్మదిస్తుంది!

జిఫ్‌లలో తెలుగు అక్షరాలు రాసే మనవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే లోపం ఫాంటుది కాకపోవచ్చు. టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు సరిపడే ఇంజన్ ఎంచుకోవాలి. జింప్‌లో ఆ బాధ లేదు, యూనికోడ్ తెలుగు నేరుగా కుదురుతుంది. రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభాకాంక్షల జిఫ్‌లలో అక్షరాలు విరగకుండా ఉంటే ఎంత బాగుంటుంది!

జిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యు కుదింపు పద్ధతి మీద యునిసిస్ కంపెనీకి పేటెంట్ ఉందన్న సంగతి 1994 చివర్లో పెద్ద దుమారం రేపింది. ఆ గొడవలోంచే పీఎన్‌జీ అనే మరో బొమ్మల ఫార్మాట్ పుట్టింది. అమెరికాలో ఆ పేటెంట్ 2003లో ముగిసింది. కదిలే పీఎన్‌జీకి మాత్రం ప్రమాణంలో చోటు దొరకడానికి 2025 దాకా పట్టింది.

వాట్సాప్‌లో జిఫ్ పేరుతో మనం చూసేది నిజానికి శబ్దం లేని చిన్న ఎంపీ4 వీడియో.

చివరిగా ఒక హెచ్చరిక. 1997 డిసెంబరులో జపాన్ టీవీలో వచ్చిన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మెరిసేసరికి ఆరు వందల మందికి పైగా పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. ఏదీ సెకనులో మూడుసార్లకు మించి మెరవకూడదన్నది వెబ్ మార్గదర్శకాల్లోని నియమం. దీపావళి చిచ్చుబుడ్డి జిఫ్ చేసినా, పెళ్లి పిలుపు చేసినా దయచేసి ఈ లెక్క దాటకండి. చూసేవారిలో మూర్ఛ ఉన్నవారు ఉండవచ్చు.