ఫోన్ కొత్తదే... తిప్పలు పాతవే!

కొనేటప్పుడు ‘సర్’ అంటారు. పాడయ్యాక ‘టికెట్ నంబర్ చెప్పండి’ అంటారు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుని మార్పించుకోవాలని చూసినవాళ్లందరికీ ఈ తేడా అనుభవమే.

మా బాబాయి సంగతే చూడండి. కైకలూరు దగ్గర చేపల చెరువు చేస్తారు. మేత లెక్కలు, లారీల కబుర్లు, బ్యాంకు పనులు అన్నీ ఫోన్‌లోనే. కొత్తగా తెప్పించిన ఫోన్ మూడో రోజు నుంచే దానంతటదే ఆగిపోవడం మొదలెట్టింది. కాల్‌సెంటర్‌కి చేస్తే ఏలూరు సర్వీస్ సెంటర్‌కి వెళ్లమన్నారు. అక్కడ విప్పి చూసి ‘లోపల తడి తగిలింది, వారంటీ రాదు’ అన్నారు. ఆ ముక్క కాగితం మీద రాసివ్వమంటే మాత్రం రాయలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఇంకొకరు ఎత్తారు, కథ మళ్లీ మొదటి నుంచి. ఈలోగా వారం రోజుల రీప్లేస్‌మెంట్ గడువు కాస్తా దాటిపోయింది.

“కొల్లేటి ఒడ్డున బతికేవాడి ఫోన్‌కి చెమ్మ తగలకుండా ఎలా ఉంటుందిరా?” అన్నారు బాబాయి. న్యాయమైన ప్రశ్నే!

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని కాబట్టి లోపలి సంగతి ఒకటి చెబుతాను. చాలా చోట్ల సపోర్ట్ ఉద్యోగి పనితీరుని లెక్కేసేది ఎన్ని టికెట్లు ఎంత త్వరగా మూశాడన్నదాన్ని బట్టే. మన సమస్య తీరిందా లేదా అన్నది తర్వాతి మాట. అందుకే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది, ఫోన్ మాత్రం పనిచేయదు. అక్కడున్న కుర్రాళ్ల మీద అరిచి లాభం లేదు. పై మెట్టు ఎక్కాల్సిందే.

ఆ మెట్లు ఇవీ...

* 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి అమ్మకపు సైట్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.
* జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు.
* అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. వస్తువుకి చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు.

మేము ఫోన్ ఆగిపోతున్నప్పుడు తీసిన వీడియో, బిల్లు, ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసిన కాగితం కలిపి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాం. 1915కీ చెప్పాం. పద్దెనిమిదో రోజున కొత్త ఫోన్ వచ్చింది.

ఒక్కటి గుర్తుంచుకోండి. నోటిమాటకి ఋజువు ఉండదు. ‘వారంటీ రాదు’ అన్నారా, రాసివ్వమనండి. రాయకపోతే, వాళ్లు అన్నమాటని మీరే ఆ రోజే మెయిల్‌లో రాసి వాళ్లకి పంపండి. రేపు కమిషన్ ముందు మాట్లాడేది ఆ కాగితాలే.