వదిలేస్తే సరిపోదు... బతకాలి కదా!

వానాకాలం మొదలై కాలువలకి నీళ్ళొచ్చాయంటే చాలు, మా ఏలూరు వైపు ఇళ్ళల్లో అటక మీది గాలాలు కిందికి దిగుతాయి. పదేళ్ళ పిల్లాడు మొదలు రిటైరైన తాతగారి దాకా అందరికీ అదే సరదా. వానపాముల డబ్బా పక్కన పెట్టుకుని ఏలూరు కాలువ గట్టున కూర్చునేవాళ్ళు కొందరు, ఉప్పుటేరు దాకా వెళ్ళేవాళ్ళు కొందరు. ఇంకాస్త ఓపికున్నవాళ్ళు మోటారు సైకిళ్ళేసుకుని పేరుపాలెం బీచికి పోయి సముద్రంలోనే గాలం విసిరి వస్తారు. సాయంత్రం వాళ్ళు తెచ్చిన సంచీ విప్పేది మాత్రం మనమే! అందులో సగం పులుసుకీ రావు, వేపుడుకీ రావు. "ఇంత చిన్నవి ఎందుకు తెచ్చారండీ?" అంటే, "ఇంకా చిన్నవి వదిలేశాంలే" అంటారు గొప్పగా.

వదిలేశారు, సంతోషమే. మరి ఆ వదిలేసినవి బతికాయా?

నీళ్ళలో పడగానే కనబడకుండా పోయింది కాబట్టి బతికిందనుకుంటాం. కానీ ఎండకి కాలిన గట్టు మీద పొర్లి, పొడిచేతుల్లో నలిగి, మొప్పలు చిరిగిన పిల్లచేప ఆ గంటలోనే చచ్చిపోవచ్చు, నాలుగు రోజులకి చచ్చిపోవచ్చు. సంచీలో చచ్చింది మనకి కనబడుతుంది, నీళ్ళలో చచ్చింది కనబడదు. తేడా అంతే.

ఆ జిగురే దాని కవచం

కొర్రమీను బాగుచేయడం ఎంత పనో మనకి తెలియంది కాదు. బూడిదేసి, రాళ్ళ ఉప్పేసి ఎంత రుద్దినా ఆ జిగురు ఒక పట్టాన వదలదు. మనకి అది విసుగు, చేపకి అది ప్రాణం. రోగాలు ఒంట్లోకి చొరబడకుండా అడ్డుకునేది ఆ పొరే. పొడిచేత్తోనో, తువ్వాలుతోనో పట్టుకుంటే అది కాస్తా ఊడి చేతికొస్తుంది. 1988లో మన దేశంలో బయటపడ్డ చేపల పుండ్ల రోగం కొర్రమీనుల్ని ఎంత పాడుచేసిందో పాతవాళ్ళనడిగితే చెబుతారు. నీళ్ళలో ఉండే ఒకరకం బూజు వల్ల ఆ రోగం వస్తుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. చర్మం గీరుకుపోయిన చోట అది సులువుగా నాటుకుంటుంది. "కొర్రమీనుకేం, ఒడ్డున పడేసినా గంటలకొద్దీ బతుకుతుంది" అంటుంటారు. నిజమే, అది పైగాలి పీల్చగలదు. కానీ ఊపిరి సంగతి వేరు, ఒంటి మీది గాయం సంగతి వేరు.

అందుకని మీ ఇంట్లో గాలం పట్టుకెళ్ళేవాళ్ళకి మొట్టమొదట చెప్పాల్సింది, చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోమని. వీలైతే దాన్ని నీళ్ళలోంచి బయటికి తీయకుండానే గాలం ఊడదీయాలి. తీయక తప్పకపోతే, తీసిన క్షణం నుంచి తన ఊపిరి తను బిగబట్టి చూసుకోమనండి. తనకి ఉక్కిరిబిక్కిరి అయ్యేలోపు చేప మళ్ళీ నీళ్ళలో ఉండాలి. ఫోటో తీసుకోవాలనే ముచ్చట ఉంటే ఫోను ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. మొప్పల్లో వేళ్ళు పెట్టి వేలాడదీయకూడదు, పొట్ట దగ్గర నొక్కి పట్టుకోకూడదు.

గాలం చివర వెనక్కి తిరిగి ఒక చిన్న కొండి ఉంటుంది చూశారూ, లోపల చీల్చేది అదే. ఇంట్లో ఉండే కటింగ్ ప్లేయరుతో దాన్ని ముందే నొక్కి చదును చేసేస్తే గాలం వచ్చినదారినే నున్నగా ఊడొస్తుంది. దారం బిగువుగా ఉంచితే చేప జారిపోదు కూడా. ఇక చేప గాలాన్ని గొంతులోకి మింగేసిందనుకోండి, లాగి పీకితే పేగులు కూడా వస్తాయి. దారాన్ని నోటి దగ్గరే కోసి వదిలేస్తే, పీకించుకున్నదానికన్నా అది బతికే అవకాశం ఎక్కువ.

తర్వాత, రాయి విసిరినట్టు విసరకూడదు. రెండు చేతుల మధ్య నీళ్ళలోనే నిలబెట్టి, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచితే మొప్పల్లోకి నీరాడుతుంది. కాసేపటికి తోక ఝాడించి అదే వెళ్ళిపోతుంది. "సాయంత్రం అన్నీ కలిపి వదులుదాం" అని చిన్న బకెట్లో వేసి ఎండలో పెట్టడం మాత్రం శుద్ధ దండగ. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది.

ఏది పిల్ల, ఏది పెద్ద?

ఇక్కడే చాలామంది పొరబడతారు. చిన్నవన్నీ పిల్లలు కావు. పరిగెలు, బొమ్మిడాయిలు ఎంత పెరిగినా అంతే. అవి కూరకొస్తే బెంగ పడక్కర్లేదు. కొర్రమీను అలా కాదు. సుమారు 25 సెంటీమీటర్లకి, అంటే జానెడు దాటాకగానీ గుడ్లు పెట్టే ఈడుకి రాదు. జానెడు లోపుది సంచీలోకి వచ్చిందంటే ఒక్క కాన్పైనా కాకుండానే వచ్చిందన్నమాట!

కొర్రమీను గురించి ఇంకో మాట. వానల్లో గట్టువార నీళ్ళలో ఎర్రెర్రగా, గుంపుగా చిన్న పిల్లలు పైకీ కిందికీ ఆడుతూ కనబడతాయి. వాటి కిందే పెద్దచేప కాపలా కాస్తుంటుంది. ఆ సమయంలో దాని దగ్గరికి ఏది వచ్చినా, ఆకలి లేకపోయినా సరే, మీదపడి కరుస్తుంది. అందుకే ఆ గుంపు మధ్య గాలం వేస్తే ఇట్టే దొరుకుతుంది. దీన్ని నేర్పు అనడం నాకు మనసొప్పదు. అది పోతే పిల్లల్ని మిగతా చేపలు పూటలో తినేస్తాయి. అలాంటిది పొరబాటున పడితే, ఎంత పెద్దదైనా, పట్టినచోటే వదలాలి.

పండుగప్పది మరీ విచిత్రం. ఉప్పునీటిలో పుడుతుంది, పిల్లగా ఉప్పుటేటి వెంట ఎదురెక్కి మంచినీటికి వస్తుంది, పెరిగాక మళ్ళీ గుడ్లకి సముద్రపు మొగకి పోతుంది. మొదట్లో దాదాపు అన్నీ మగవే. కొన్నేళ్ళు పెరిగి పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. (ఈ సంగతి మావారికి చెబితే ఆ పూట పులుసులో ముక్క వేసుకోవడానికి కాస్త ఆలోచించారు!) అంటే బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టే తల్లులే. మన పండుగప్పనే ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. అక్కడ క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకి తగ్గినదాన్నీ, 120 దాటినదాన్నీ కూడా వదిలేయాలని చట్టం. అక్కడ గాలం వేసే మనవాళ్ళూ కొలబద్ద పట్టుకెళ్ళాల్సిందే. అంతదూరం ఎందుకు, కేరళలో 2015 నుంచి చేపల కనీస కొలతలు నిర్ణయించారు. కవళ్ళు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్లు లేకపోతే పట్టకూడదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట ఆపేది కూడా చేపలు గుడ్లుపెట్టి పెరగనివ్వడానికే.

ఒక్క గాలం వల్ల కొల్లేరు ఎండిపోతుందా అని మీరడగొచ్చు. పోదు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సుని చేపల చెరువులు ఎంత మింగేశాయో, 2006లో వాటి గట్లు ఎలా కొట్టించారో మనం చూసిందే. సన్నకన్ను వలలు, పట్టణాల మురుగు చేసే చెరుపు ముందు గాలం ఎంత! లంక గ్రామాల్లో పొట్టకూటికి వేటాడేవాళ్ళకి ఈ పాఠాలు చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. సరదాకి పోయేవాళ్ళ సంగతే నేననేది. కొల్లేరు అభయారణ్యం హద్దుల్లో గాలం వేసే ముందు అటవీశాఖ వాళ్ళని అడిగి వెళ్ళమనండి.

అన్నిటినీ వదలక్కర్లేదు కూడా. మొప్పల్లోంచి నెత్తురు కారుతున్న చేపని వదలడం ఉత్త కంటితుడుపు. దాన్ని ఇంటికి తెచ్చి వండుకోవడమే మేలు. చెరువుల్లోంచి తప్పించుకొచ్చిన రూప్‌చంద్, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటి పరదేశపు చేపలు పడితే పిల్లదైనా కాలువలో వదలొద్దు. అవి మన చేపల తిండికీ, పిల్లలకీ ఎసరు పెడతాయి.

జెల్లల్ని వదిలేటప్పుడు మాత్రం పిల్లల్ని చేయి పెట్టనివ్వకండి. రెక్కల పక్కనా, వీపు మీదా ఉండే ముళ్ళు గుచ్చుకుంటే మోచేతి దాకా సలుపుతుంది. తడిగుడ్డతో పెద్దవాళ్ళే పట్టుకోవాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చేయి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే డాక్టరుకి చూపించండి.